మా బావ కారు సోకు

ముందు ప్రమాణం చేసేస్తాను, తరవాత మీ ఇష్టం. పైడితల్లమ్మ తల్లి సాక్షిగా, నా నోట్లో ఇంకా నిలబడి ఉన్న దవడపళ్ళ సాక్షిగా, ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. ఒక్క అబద్ధం దొర్లినా ఆ పళ్ళు ఈ పూటే రాలిపోవాలి, మిగిలిన జన్మంతా నేను చోడంబలి తాగి బతకాలి. నేనింత గట్టిగా ఒట్టు పెట్టానని తెలిస్తే గజపతినగరం సంతలో నన్నెరిగినవాళ్ళు నెత్తిమీద తట్టలు దించుకుని మరీ నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇది రాయడానికి కారణం ఒక ప్రశ్న. పోయిన నెల మా అప్పని కార్లో తీసుకుని టైర్లు మార్పించడానికి వెళ్ళాను. మా వైపు అక్కని అప్ప అంటాం. కొట్టు యజమాని బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, బండి కింద ఎంత ఖాళీ ఉందో చెయ్యి పెట్టి చూశాడు. "ఈ బండిని ఇలగ నేలకి కుంగదీసిన మారాజు ఎవుడండీ బాబూ?" అన్నాడు.

ఆ మారాజు మా బావ. అప్ప మొగుడు. పోయి ఇంకా ఏడాది కాలేదు.

బావ బతుకంతా బస్సు నడిపాడు. రిటైరయ్యాక ఒక చిన్న కారు, ఎవరో వాడి వదిలేసింది, కొనుక్కున్నాడు. కారు చిన్నదే గానీ ఆయన మాత్రం బస్సు దిగలేదు. పళ్ళెమంత స్టీరింగుని బస్సుదైనట్టు రెండు చేతులూ బారజాపి పట్టుకునేవాడు. మలుపు వచ్చిందంటే మోచెయ్యి పక్కవాడి దవడకి తగలాల్సిందే. రోడ్డు పక్కన నలుగురు నిలబడి కనిపిస్తే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. వాళ్ళు కూడా అలవాటుకొద్దీ ఎక్కేసేవారు. "లోపలికి జరగండమ్మా, లోపలికి జరగండి" అనేవాడు, ముగ్గురు పట్టే వెనక సీటు వైపు తిరిగి. ఇక టైరు దగ్గరికొస్తే, గాలి మిషను మాట ఎప్పుడూ నమ్మలేదు. పనసకాయ ముగ్గిందో లేదో చూసినట్టు వేలి కణుపుతో టకటకా కొట్టి, చెవి దగ్గర పెట్టి వినేవాడు.

అన్నింటికన్నా పెద్ద జబ్బు ఇంకోటుంది. ఎవరో ఒకరు "రైట్" అననిదే బండి కదిలించేవాడు కాదు. తాళం తిప్పుతాడు, గేరు వేస్తాడు, కూర్చుంటాడు. అంతే. పక్కన అప్ప ఉంటే అప్ప అనాలి. నేనుంటే నేననాలి. ఎవరూ లేకపోతే దారిన పోయేవాణ్ణి పిలిచి అనిపించుకునేవాడు. అన్నం తిని చెయ్యి కడుక్కోడానికి లేవాలన్నా, వంటింట్లోంచి అప్ప రైట్ అనేదాకా విస్తరి ముందు కూర్చునే ఉండేవాడు.

బస్సు నడిపే రోజుల నుంచీ ఆయనది ఒకటే బెంగ: మొదటి మెట్టు. బస్సు మెట్టు ఎత్తు. ముసలమ్మలు చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో కమ్మీ వెతుక్కుంటూ, కాలు ఎత్తలేక ఎత్తలేక ఎక్కడం అద్దంలో చూస్తూ ఆయన సగం జీవితం గడిపాడు. అందుకని ప్రతి ఊళ్ళోనూ ఎక్కడ మట్టిదిబ్బ ఉందో, ఎక్కడ కల్వర్టు గట్టుందో చూసి పెట్టుకుని, దానికి ఆనించి ఆపేవాడు. జనం నిలబడే చోటు ఒకటీ, బస్సు ఆగే చోటు ఒకటీ. కండక్టర్లందరూ ఆయనతో తగువే. "ఎత్తు నాకు కావాల గానీ ఆళ్ళకెందుకురా?" అనేవాడు. ఆయన వేదాంతమంతా అదే.

ఇలాంటి మనిషి ఇంట్లోనే మెట్టు పెద్ద సమస్య అయి కూర్చుంది. అప్పకి వెన్నుపూస జబ్బు చేసి కాళ్ళు రెండూ చచ్చుబడిపోయాయి. చక్రాల కుర్చీ వచ్చింది. చేతులు మాత్రం ఉక్కు. ఊడ్పులూ కోతలూ చేసిన చేతులవి. ఆ కుర్చీని తోసుకుంటూ ఇల్లంతా చుట్టేసేది, పెరట్లో గొడ్లని కూడా అక్కణ్ణించే తిట్టేది. బయటికి పోవాలంటేనే చిక్కు. ఒకసారి మా చుట్టాల పెళ్ళికి తీసుకెళ్ళాం. దిగేటప్పుడు నలుగురం కలిసి ఆమెని కార్లోంచి ఎత్తాం. తాళాలూ మేళాలూ ఆపి మరీ జనం చూశారు. ఎవరో ఒకావిడ అయ్యో పాపం అంది. ఇంటికొచ్చాక అప్ప ఒకటే మాటంది.

"మూట ఎత్తినట్టు ఎత్తినారు నన్ను. ఇంక నాను గుమ్మం దాటను."

దాటలేదు. ఆమె పట్టు మా వంశంలో అందరికీ తెలుసు. సంతంటే ప్రాణం పెట్టే మనిషి సంత మానేసింది. పురుళ్ళకీ పెళ్ళిళ్ళకీ మానేసింది. పలకరించడానికి వచ్చినవాళ్ళతో కూడా మాటలు తగ్గించేసింది. బావ బొబ్బిలి వెళ్ళి, వీణలు చేసేవాళ్ళ దగ్గర మిగిలిన పనసచెక్క ఒకటి నున్నగా చిత్రిక పట్టించి తెచ్చాడు. ఒక కొస కుర్చీ మీద, ఇంకో కొస కారు సీటు మీద పెడితే, చేతులతో నెట్టుకుంటూ తనే జారుకుంటూ వెళ్ళొచ్చని ఆయన ఊహ. వాకిట్లోనే పెట్టి చూశారు. కారు సీటు కుర్చీ కన్నా ఎత్తు. అప్ప ఎగువకి జారలేక, సగంలో ఆగి, వెనక్కి వచ్చేసింది.

"వొగ్గేయ్. నా కోసం లోకం కిందకి దిగుతాదేటి?" అంది, చెక్కని గోడకి ఆనించేసి.

ఆ మర్నాడు పొద్దున్నే బావ కారు డిక్కీలోకి ధాన్యం బస్తాలు మోసుకెళ్ళడం నా కంటబడింది. "ఏటి బావా, మిల్లుకా?" అన్నాను. ఇంకో బస్తా భుజానికెత్తుకున్నాడు. జనం కిక్కిరిస్తే బస్సు కుంగుతుంది కదా, బస్తాలేస్తే కారు కూడా కుంగుతుందని ఆయన లెక్క. కుంగింది. వెనకమాత్రం కుంగి, ముందు మూతి పైకి లేచి, కారు అచ్చం చతికిలబడి కూర్చున్న కుక్కలా తయారైంది. సీటు వెనక్కి వాలిపోయి ఉంది. బావ నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని చాలాసేపు చూశాడు.

తరవాత నా భుజం మీద చెయ్యేసి రైసుమిల్లు వెనక్కి తీసుకెళ్ళాడు.

"ఒరే బామ్మర్దీ, నువ్వు అబద్దాలు బాగా సెప్తావు కదా?"

"అదేటి బావా, అంతమాటనేశావు!"

"సాల్లే. నీతో పనుంది. కారు మొత్తం కిందకి దింపించేస్తన్నాను. సీటూ కుర్చీ ఒక మట్టానికి రావాల. కానీ అది మీ అప్ప కోసమని దానికి తెలిసిందంటే సచ్చినా ఎక్కదు. బంగారంలాంటి బండి నా కోసం పాడుసేసినావా అంటాది. అందుకని ఇది నా సోకు. ఈ వయసులో నాకు కుర్రోళ్ళ పిచ్చి పట్టినాదని నువ్వు ఊరంతా సెప్పాల. నమ్మేలాగ సెప్పాల."

నా జన్మలో ఎవరూ నన్ను పిలిచి అబద్ధాలు చెప్పమని అడగలేదు. అప్పటిదాకా అందరూ ఆపమనే అడిగారు. నేను ఆ పని ఎంత శ్రద్ధగా చేశానో చెప్పలేను. బావకి నల్లకళ్ళద్దాలు కొనిపెట్టింది నేనే. కారు పక్కన ఈ కొసనించి ఆ కొసదాకా ఎర్రగీత గీయించింది నేనే. ఆ కారు దాటాలంటే కప్ప కూడా తల వంచుకోవాలన్నాను. రైలుగేటు పడి ఉన్నా కిందనించి దూరి పోతున్నాడన్నాను. సంతలో మొదలుపెట్టిన మాట సాయంత్రానికి అప్ప చెవిన పడేది, నేను చెప్పినదానికి రెట్టింపై.

"ముసిలోడికి ఇదేం మాయరోగం?" అనేది అప్ప. కోప్పడేది. బావ కళ్ళద్దాల వెనక నించి నావైపు చూసి, బాగా చేస్తున్నావన్నట్టు తలాడించేవాడు.

సీటుకీ కుర్చీకీ తేడా బావ వేళ్ళతో కొలిచాడు. రెండు వేళ్ళూ, ఒక చిటికెనవేలూ. ఆ కొలత చేతిలో పట్టుకుని, అంటే నిజంగానే వేళ్ళు అలా చాపి పట్టుకుని, విజయనగరం టైర్ల కొట్టుకి వెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను.

"లుక్కు కావాలా మాస్టారూ, మైలేజీ కావాలా?" అన్నాడు కొట్టు యజమాని, వక్కపొడి నములుతూ.

"కూకోడానికి," అన్నాడు బావ.

"కూకోడానికైతే సోఫాల కొట్టు పక్కీదిలో ఉంది మాస్టారూ."

నల్లకళ్ళద్దాలూ ఎర్రగీతా చూసినవాడు ఎవడైనా ఏమనుకుంటాడు? సోకే అనుకున్నాడు. నా ప్రచారానికి మేమే బలయ్యాం. పొట్టి స్ప్రింగులు వేయించి, పాత పద్నాలుగు అంగుళాల చక్రాలు తీసేసి, మెరిసే పదహారు అంగుళాలవి బిగించి, వాటికి నూటతొంభైఐదు, యాభైఐదు సైజు టైర్లు తొడిగాడు. టైరు మీద రాసే మొదటి అంకె వెడల్పు. రెండోది, ఆ వెడల్పులో నూటికెంత వంతు పక్కగోడ ఎత్తు అని. అంటే ఇవి వెడల్పు ఎక్కువ, పక్కన గోడ పల్చన. చూడ్డానికి రాజాలా ఉంది. ఎక్కితే తెలిసింది. రోడ్డు మీద ఈగ వాలినా మా వీపుల్లో తెలిసేది. మలుపు తిప్పితే టైరు వెళ్ళి రేకుకి రాసుకుని గర్రుమనేది.

అప్పని ఎక్కించే ముందు పరీక్ష చెయ్యాలన్నాడు బావ. పరీక్షకి నన్ను పెట్టాడు. "నువ్వూ మీ అప్పా ఒకటే తూకం. నీకు కాళ్ళు లేవనుకో." రైసుమిల్లు వెనక, అప్ప కుర్చీ ఎత్తే ఉన్న ఒక పాత కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, నా కాళ్ళు రెండూ తువ్వాలుతో కట్టేసి, పనసచెక్క వేశాడు. లోపలికి జుర్రున జారిపోయాను. భలే అనుకున్నాను.

"ఇప్పుడు దిగు."

దిగలేకపోయాను. సీటు కుర్చీ కన్నా వేలెడు దిగువకి పోయింది. చెక్క మీద సగంలో ఇరుక్కుని, ఎటూ పోలేక వేలాడుతున్నాను. మిల్లుకి వచ్చినవాళ్ళు పోగై చూస్తున్నారు. "తువ్వాలు ఇప్పు బావా," అన్నాను. నవ్వుతూనే అన్నాను. అందరూ చూస్తుండగా అలా చిక్కుబడిపోవడం ఎలా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. బావ నవ్వలేదు. తువ్వాలు విప్పుతూ నెమ్మదిగా అన్నాడు.

"ఎక్కడానికి పల్లం బాగుంటాది. దిగేటప్పుడు అదే కొండ. ఇది మట్టానికే ఉండాల్రా. పైకీ కాదు, కిందకీ కాదు."

మళ్ళీ అదే కొట్టుకి వెళ్ళాం. ఈసారి బావ కళ్ళద్దాలు తీసేసి, షాపు మూల ఉన్న స్టూలు లాక్కుని, పనసచెక్క వేసి, ఎందుకో ఎవరికోసమో యజమానికి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆయన వక్కపొడి ఉమ్మేసి వచ్చాడు. "ముందే సెప్పొచ్చు కదా మాస్టారూ, మా అమ్మ కూడా కుర్చీలోనే," అని, తనే కింద పడుకుని బండి చూశాడు. మొత్తం స్ప్రింగుల మీదే దింపేస్తే బండికి ఊపిరి ఆడదనీ, గుంటలో పడ్డప్పుడు లేచి పడ్డానికి చోటుండాలనీ ఇద్దరూ కలిసి తేల్చారు. రెండు వేళ్ళు స్ప్రింగులతో, చిటికెనవేలు టైరుతో. మెరిసే చక్రాలు పోయాయి. పాత పద్నాలుగు అంగుళాల చక్రాలే వచ్చాయి. వాటికి కంపెనీవాళ్ళు ఇచ్చింది నూటఅరవైఐదు, ఎనభై. ఇప్పుడు వేసింది నూటడెబ్భైఐదు, డెబ్భై. ఆ రెండింటికీ చక్రం నడిమి ఎత్తులో తేడా సరిగ్గా చిటికెనవేలి మందం. పక్కగోడ బొద్దుగానే ఉంది, రేకుకి రాసుకోలేదు. టైరు కాస్త చిన్నదవడంతో స్పీడు ముల్లు ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చూపిస్తుందని యజమాని హెచ్చరించాడు. బావ మురిసిపోయాడు. "మరీ మంచిది. మీ అప్పకి స్పీడంటే ఇష్టం, నాకు బయ్యం."

మళ్ళీ నా కాళ్ళకి తువ్వాలు. జారాను. లోపలికి. బయటికి. బల్ల మీద నుంచి బల్ల మీదికి జరిగినంత సులువుగా.

మర్నాడు బావ కారుని గుమ్మం ముందు పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని, హారన్ మోగించాడు. "ఓలే, నా కొత్త బండి సూడవేటి?" అన్నాడు. ఆమె కుర్చీ తోసుకుంటూ వచ్చి ఆ ఎర్రగీతని చూసి ముఖం చిట్లించింది.

"సిగ్గు లేదూ నీకు? అందరూ నవ్వుతన్నారు."

"నవ్వితే నవ్వనీ. ఒక్కసారి కూకుని సూడు, తరవాత తిట్టు."

తిట్టడానికే ఎక్కింది. చెక్క వేసుకుంది, చేతులు ఆనించింది, జారింది. ఎవరి చెయ్యీ తగల్లేదు. సీట్లో సర్దుకుని కూర్చుని చెక్కని ఒళ్ళోకి తీసుకుంది. బావ గేరు వేసి ఎదురుచూస్తున్నాడు. నేను వెనక సీట్లో కూర్చున్నాను.

"రైట్," అంది అప్ప.

సంతకే వెళ్ళాం. ఆమె దిగింది, తనే. బెండకాయలు విరిచి చూసి, బేరమాడి, అమ్మేవాడితో తగువుపెట్టుకుని, గెలిచింది. అయ్యో పాపం అనడానికి ఎవరికీ తీరిక ఇవ్వలేదు.

ఆ తరవాత ఆగలేదు. బొబ్బిలి రోడ్డులో ఉలవలు పరిచిన రోజుల్లో ఒకటి జరిగింది. మా వైపు కోసిన ఉలవకట్టె రోడ్డు మీద పరుస్తారు, బళ్ళు తొక్కితే గింజ రాలుతుందని. బస్సు రోజుల్లో బావ దాన్ని తప్పించేవాడు కాదు. తొక్కడం రైతుకి మర్యాద అనేవాడు. ఆ అలవాటుతో కారుని కూడా దాని మీదికే పోనిచ్చాడు, తన బండి నేలకి జానెడు కూడా లేదన్నది మరిచిపోయి. కళ్ళం మొత్తం బండి కింద ఇరుక్కుంది. మేం వెనక్కి చూడలేదు. బొబ్బిలి కోట దగ్గర ఆగి చూస్తే, ఒక రైతు పంట మొత్తం మా వెనకాల గడ్డివాములా వేలాడుతోంది, దాని మీద రెండు కోళ్ళు, ఆ వెనక సైకిలు మీద రైతు. "తొక్కమన్నాను గానీ తీసుకుపొమ్మన్నానా!" అని అరుస్తూ.

భావనపాడు కూడా వెళ్ళాం, సముద్రం చూడ్డానికి. బండి ఇసకలో కడుపు ఆనించి కూర్చుండిపోయింది. వలలు సర్దుకుంటున్న పల్లెవాళ్ళు పదిమంది వచ్చారు. "అమ్మ దిగాల" అన్నారు. అప్ప ముఖం మారిపోయింది. బావ అది చూశాడు. "అమ్మ దిగదు. బండితో సహా లేపండి బాబూ," అన్నాడు. తెప్పని లేపినట్టు ఒకటే కేక వేసి, అప్పతో సహా కారుని లేపి గట్టి నేల మీద పెట్టారు. అప్ప పగలబడి నవ్వింది. జబ్బు చేశాక అంత నవ్వు నేను వినలేదు.

"ఎత్తింది నన్ను కాదు, బండిని!" అంది.

మొన్నటి చలికాలంలో ఒక తెల్లవారుజామున బావ నిద్రలోనే పోయాడు. ఎవరిచేతా రైట్ అనిపించుకోకుండా ఆయన బయలుదేరడం అదే మొదలు. అప్ప ఏడవలేదు. కుర్చీలో కూర్చుని, "సెప్పకుండా ఎల్లిపోనాడు" అని పదేపదే అంది. తరవాత కారు తాళాలు నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు మళ్ళీ మొదట్లో చెప్పిన టైర్ల కొట్టు. ఇది బావ వెళ్ళిన విజయనగరం కొట్టు కాదు, ఇతనికి మేమెవరో తెలియదు. అరిగిన టైర్లు చూసి, "కంపెనీ సైజు ఏసేద్దాం బాబూ. నూటఅరవైఐదు ఎనభై. స్ప్రింగులు కూడా మార్చేత్తే బండి పైకి లేస్తాది. పెద్దావిడకి ఇంత కింద కూకోడం కట్టం కదా," అన్నాడు. అతను మంచికే చెప్పాడు. ఎందుకు వద్దో చెప్పాలంటే కారణం చెప్పాలి. చెప్పనని బావకి మాటిచ్చాను. అప్ప పక్కనే కూర్చుని వింటోంది. అబద్ధాలకి ఎప్పుడూ వెతుక్కోనివాణ్ణి, ఆ రోజు ఒక్కటీ దొరకలేదు.

అప్ప కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"వొద్దు బాబూ. పాత సైజే ఎయ్యి. నూటడెబ్భైఐదు, డెబ్భై, పద్నాలుగు." ఒక్క అంకె తడబడలేదు. "మాయాయనకి సోకు ఎక్కువ. ముసిలితనంలో పట్టింది. ఊరంతా నవ్వినా మానలేదు. ఆయన సోకు మనం పాడుసెయ్యకూడదు."

నేను అప్ప వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. ఒళ్ళో ఉన్న పనసచెక్కని అరచేత్తో నిమురుతోంది.

టైర్లు బిగించారు. తాళం తిప్పాను, గేరు వేశాను. ఎందుకో కాలు కదల్లేదు. అప్ప రోడ్డు వైపు చూస్తూ "రైట్" అంది. బండి కదిలింది.

ఇక ఒప్పుకోవాలి, పళ్ళమీద ఒట్టు పెట్టాను కదా. ఉలవల కథ నాది. నిజానికి బండి కింద ఇరుక్కున్నది నాలుగు రెమ్మలు. రైతే నవ్వుతూ లాగేసి, మా ఒళ్ళో గుప్పెడు ఉలవలు పోశాడు. కోళ్ళు లేవు, సైకిలూ లేదు. విస్తరి ముందు రైట్ కూడా నేనే కలిపాను. భావనపాడులో కారుని ఎత్తింది మాత్రం నిజం, మీరు నమ్మకపోయినా.

ఇంకొకటి. చివర అప్ప రైట్ అనలేదు. ఆమె పెదాలు కదిలాయి, అంతే. మాట బయటికి రాలేదు. ఆ శబ్దం నేను కలిపాను.

బండి మాత్రం కదిలింది.